ట్రాక్టరు నూనె తాగిన కారు

మా అక్కకి టీచరు ఉద్యోగం పరీక్ష బాపట్లలో, పొద్దున పదింటికి. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. బస్సులు సమ్మెలో ఉన్నాయి. రైల్లో తెనాలి చుట్టి వెళ్తే పది దాటిపోతుంది. అద్దె కార్లన్నీ మాకంటే తెలివైనవాళ్లు ముందే మాట్లాడేసుకున్నారు. మిగిలింది మా బాబాయి పాత కారు. దాని గేర్‌బాక్సు సీలు పోయి, లోపల చుక్క నూనె లేదు.

భట్టిప్రోలు మెకానిక్కు సీలు మార్చి, సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చాడు: ఎనభై గ్రేడు నూనె, జీఎల్ ఫోర్ రకం. "తెనాల్లో దొరుకుద్ది. ఇంకోటి మాత్రం పొయ్యొద్దండి" అని చెప్పి, రేపల్లెలో ఏదో పెళ్లికి వెళ్లిపోయాడు.

తెనాలి షాపాయన రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద ఫోర్, ఇంకోదాని మీద ఫైవ్.

"ఐదు తీసుకో తమ్ముడూ. అది పై రకం."

"మార్కులైతే ఐదే తీసుకునేవాణ్ణండి. మా గేర్లకి ఇత్తడి రింగులంట, అందులో కలిపే మందు వాటిని తినేస్తదంట."

నాలుగే కొన్నాను. పాసింజరు రైలు తీరిగ్గా ఊరూరా ఆగి, చీకటి పడే వేళకి నన్ను దింపింది. అరుగు మీద బాబాయి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"పోసేశాన్రా. మన ట్రాక్టరు డ్రమ్ములోదే. లోడేసుకుని బురదలో నడిచే బండికి ఆగిన నూనె, ఈ అగ్గిపెట్టెకి ఆగదా? మధ్యాహ్నం ఎండలో తిప్పి చూశా, వెన్నే!"

మా ఇంట్లో దేన్నైనా ట్రాక్టరుతోనే కొలుస్తారు. పెళ్లికొడుకుల్ని కూడా. నేను డబ్బా మంచం కింద పెట్టాను.

మర్నాడు ఏడున్నరకి మంచులో బయల్దేరాం. వీధి చివర బాబాయి రెండో గేరు వేయబోయాడు. పడలేదు. గట్టిగా తోశాడు. కారు లోపల ఎవరో ఎముకలు నమిలినట్టు చప్పుడైంది. అక్క హాల్ టికెట్టు గుండెకి అదుముకుంది.

"మొదటి గేరులో పోతే?" అంది.

"పోవచ్చు. రేపటి పరీక్షకి అందుతాం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

కారు వెనక్కి నెట్టుకొచ్చాం. కింద బోల్టు విప్పితే రాత్రి చలికి గట్టిపడ్డ ఆ చిక్కటి నూనె ధార కట్టలేదు, ముదురు పాకంలా తీగ సాగుతూ బేసిన్లోకి దిగింది. ఎనిమిదింబావు. బాబాయి కింద పడుకుని దాన్నే చూస్తున్నాడు, కోప్పడితే తొందరగా దిగుతుందన్నట్టు.

"దిగిందా?" అన్నాను.

"దిగుతోంది."

"బాబాయ్, ఎనిమిదిన్నర!" అక్క గుమ్మంలోంచి అరిచింది.

"తెలుసమ్మా!"

బోల్టు బిగించి, పక్క రంధ్రంలోకి రబ్బరు గొట్టం పెట్టి నేను డబ్బా ఎత్తి పట్టుకున్నాను. కొత్త నూనె సన్నగా, పలచగా దిగింది. నిండి రంధ్రంలోంచి పొంగేదాకా పోయాలి. ఎనిమిదీ యాభైకి మళ్లీ వీధి చివర. రెండో గేరు పడింది. ఒకసారి కొంచెం గునిసింది గానీ పడింది.

ఒక చోట గేదెల మంద రోడ్డు దాటుతుంటే బాబాయి స్టీరింగు మీద తల ఆనించాడు. బాపట్లలో రైల్వే గేటు పడి ఉంది. అక్క దిగి పరిగెత్తుతానంది. ఆలోపే గేటు లేచింది.

పరీక్ష సెంటరు దగ్గర కానిస్టేబులు గేటు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బాబాయి కారు నడిరోడ్డు మీదే వదిలేసి, అక్క కంటే ముందు పరిగెత్తాడు.

"తప్పు నాదండి! ట్రాక్టరు నూనె పోశానండి! మెకానిక్కు వద్దని చెప్పినా విన్లేదండి! పిల్లదానికేం తెలీదు, లోపలికి పంపండి!"

ఇంట్లో ఏనాడూ తప్పు ఒప్పుకోని మనిషి. కానిస్టేబులు ఆయన నల్లటి చేతుల్ని, చొక్కాని పైనుంచి కిందికి చూశాడు.

"నూనేంటండీ? ఇంకా ఐదు నిమిషాలుంది. వెళ్లమ్మా."

అక్క వెళ్లింది.