బావ గెలుపోటముల సాఫు ప్రతి

నేను చెప్పేదాన్ని సగానికి కోసి నమ్మమని మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ మావాళ్లు ముందే చెప్పి పెడతారు. మీరూ అలాగే చేయండి. ఇవాళ పొద్దున పేపర్లో ఎవరో పేరున్న టెన్నిస్ ఆటగాడి పట్టిక వేశారు: ఆడినవి, గెలిచినవి, ఓడినవి. కాఫీ చల్లారిపోయినా నేను ఆ ఓడినవి అనే గడి దగ్గరే ఆగిపోయాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా అక్క మొగుడు, అంటే మా బావ, ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తా. సాయంత్రాలు క్లబ్బులో టెన్నిస్ ఆడేవాడు. ఆయన సర్వీసు కొడితే మైళ్ల అవతల చాపాడులో గేదెలు పలుపు తెంపుకునేవి. ఆ క్లబ్బు వల కంతల్లోంచి దూడ దూరిపోయేది గానీ, బావ బంతి ఎప్పుడూ వల మీదుగానే పోయేది. ఆడిన ప్రతి ఆటనూ నోటుబుక్కులో రాసుకునేవాడు. పెద్ద ఆఫీసరు వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా ఓడేవాడు. ఎందుకని అడిగితే, "గెలిచినాననుకో, తెల్లారేసరికి పులివెందులకు తోలేస్తాడు. మీ అక్కకు నువ్వు చెప్తావా?" అన్నాడు.

ఇంతలో జిల్లా జట్టుకు మనుషులను ఎంచుతామని, ఎవరి ఆటల వివరాలు వాళ్లు రాసి తెమ్మని జమ్మలమడుగు నుంచి కబురు వచ్చింది. బావకు నలభై దగ్గర పడుతున్నాయి. ఇది తప్పితే మళ్లీ లేదు. "నీ రాత శానా బాగుంటాది, సాఫుగా ఎత్తి రాయప్పా" అని నోటుబుక్కు నా చేతికిచ్చాడు. ఆఫీసరుకు దానం చేసిన తొమ్మిది ఆటలనూ నేను గెలుపు గడిలోకి మార్చేశాను. న్యాయం చేశానని నా ఛాతీ వేరుశనక్కాయల బస్తా అంత ఉబ్బింది. బావ చదవకుండా సంతకం పెట్టాడు. బామ్మర్ది గదా.

తీరా పోయి చూస్తే, జమ్మలమడుగు క్లబ్బు వరండాలో ఎంచడానికి కూర్చున్నది ఆ ఆఫీసరే. కాగితం చూసి నెమ్మదిగా అడిగాడు: "ఏమయ్యా, నేను నీ చేతిలో తొమ్మిదిసార్లు ఓడినానా? నాకు తెలీకుండా ఎప్పుడు ఓడినానబ్బా?"

వరండా అంతా నవ్వింది. బావ కాగితం వంక చూశాడు, నా వంక చూడలేదు. "నేనే రాసినాను సార్. తప్పయిపాయ" అన్నాడు.

అది నా పని అని చెప్పడానికి రెండడుగులు ముందుకు వేస్తే చాలు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆఫీసరు బావ పేరు కొట్టేశాడు.

తిరుగు బస్సులో బావ నా వీపు తట్టి, "నువ్వు రాసింది అబద్ధం కాదులేప్పా, నేను ఆడిందే అబద్ధం" అని నవ్వాడు.

గేదెలనూ దూడనూ సగానికి కోసుకోండి. నేను పూర్తిగా కల్పించినవి మాత్రం ఆ నవ్వు, ఆ మాట. బస్సులో బావ ప్రొద్దుటూరు దాకా పలకలేదు. ఆ మాట నేనే అల్లి, ఇరవై ఏళ్లుగా ఆయన నోట్లో పెడుతూ వస్తున్నాను. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నా సాఫు ప్రతిని మాత్రం ఒక్క అక్షరం మాయకుండా ఇవాళ్టి పేపరు దాకా మోసుకొచ్చింది.