పళ్ళ లెక్క

పాతికేళ్ళు నిండని మనిషికి తనకు తెలిసిందంతా పక్కవాళ్ళకి చెప్పెయ్యాలన్న తొందర ఉంటుంది. ఆ రోజుల్లో నా తొందరంతా ఇంగ్లీషు మాటల మీదే. కోటబొమ్మాళిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో కొత్తగా టీచరుగా చేరాను. ఫోనులో రోజుకో వింత మాట వచ్చేది. దాని అర్థం బట్టీపట్టి, సాయంత్రంలోగా ఎక్కడో ఒకచోట వాడితేగాని నాకు అన్నం సయించేది కాదు. ‘గుడ్’ అనడానికి నోరే వచ్చేది కాదు (చదువుకున్నదాన్ని కదా!). పదో తరగతి ఇంగ్లీషు నాకే ఇస్తామని కరస్పాండెంటుగారు మాటిచ్చారు. నా ప్రాణమంతా ఆ పదో తరగతి మీదే పెట్టుకున్నాను.

ఓ ఆదివారం ఆయనింట్లో టీచర్లందరికీ భోజనాలు. వాళ్ళావిడ పనసపొట్టు కూర వడ్డించి, “ఎలాగున్నాదమ్మా?” అని నన్నే అడిగింది. ఎంత బాగుందో! పొద్దున్నే నేర్చుకున్న మాట నాలిక మీద సిద్ధంగా ఉంది. “టూత్‌సమ్!” అన్నాను, అందరికీ వినబడేలా. కమ్మగా ఉందని దానర్థం. ఇప్పటికీ అదే అర్థం, ఏ డిక్షనరీ అయినా తీసి చూసుకోండి.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. నన్నడిగితే చెప్పేదాన్ని కదా? నా పక్కనున్న లెక్కల మాస్టారిని అడిగింది, “ఏటన్నాది బాబూ?” అని. తెలియదు అనడం ఆ మహానుభావుడి ఇంటా వంటా లేదు. “టూత్ అంటే పన్నండి. సమ్ అంటే నాను రోజూ పిల్లల సేత సేయించేదే, లెక్క. మీ పళ్ళు లెక్కెట్టిందండి” అన్నాడు (‘అన్నారు’ అనబుద్ధి కావడం లేదు, క్షమించండి).

ఆవిడ ముందుపళ్ళు ఆ నెలలోనే పీకించుకుందిట. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నాను కూరెడితే నా పళ్ళు లెక్కెడతావేటే?” అంటూ గిన్నెతో సహా లోపలికి వెళ్ళిపోయింది. “కాదండీ, రుచండీ!” అని నేను మొత్తుకుంటుంటే, “పెద్దోళ్ళతో పరాసికాలేటి టీచరమ్మా?” అని మాస్టారు నాకే నీతి చెప్పాడు. అప్పటికే తను మారు వడ్డన కూడా వేయించుకున్నాడు.

మర్నాడు నన్ను ఎల్‌కేజీకి వేశారు. పదో తరగతి ఇంగ్లీషు ఎవరికిచ్చారనుకున్నారు? ఆ లెక్కల మాస్టారికే! ఒళ్ళు మండిపోయి, ఫోనులో అర్థం తీసి కరస్పాండెంటుగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు. “నువ్వు సెప్పింది నిజమేనమ్మా” అన్నారు. తర్వాత తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి, “మరి రోజూ నాకు కూడెట్టేది డిక్షనరీ కాదు కదేటి?” అన్నారు.

ఇన్నేళ్ళయినా నాకా కోపం చల్లారలేదు. తప్పు నాది కాదు, ఆ మాటది అసలే కాదు. పదో తరగతి మరో ఊళ్ళో, మరో బళ్ళో దక్కింది. ఇప్పుడు ఎవరింట్లో తిన్నా “బాగుందండీ” అంటాను. అందరూ సంతోషిస్తారు, గిన్నె ఎత్తుకుని ఎవరూ లోపలికి పోరు. కూర నిజంగా అంత బాగున్నప్పుడు మాత్రం, అప్పటి నాలోని ఆ మొండిపిల్ల కోసం ఆ మాట ఒక్కసారి లోలోపలే అనుకుంటాను, పెదవి విప్పకుండా.