పేరులేని గ్లాసు

మా అమ్మకి ఒక జబ్బుండేది. ఇంట్లోకి కొత్త స్టీలు సామాను వస్తే చాలు, దాని మీద పేరు పడేదాకా ఆవిడకి నిద్రపట్టేది కాదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎరువిచ్చిన గిన్నెలు తిరిగి ఇల్లు చేరవని ఆవిడ భయం. నా పెళ్ళి కుదరగానే సారె సామానంతా అరుగు మీద పరిపించి పేర్లు చెక్కేవాణ్ణి కూర్చోబెట్టింది. బిందె దగ్గర్నుంచి గ్లాసుల దాకా అన్నిటి మీదా నా పేరు, కాబోయే మొగుడి పేరు, మా ఊరు పొన్నూరు, మాఘ శుద్ధ దశమి అని ముహూర్తం. అట్లకాడ మీద జాగా చాలక పేరొక్కటే పట్టింది. లేకపోతే దాన్నీ వదిలేది కాదు.

తీరా మాఘం వచ్చేసరికి మగపెళ్ళివారి పాలివాళ్ళలో ఒక పెద్దాయన పోయాడు. మైల వచ్చి పెళ్ళి కాస్తా వైశాఖానికి వెళ్ళింది. గిన్నెల మీద మాఘం మాత్రం మాఘంగానే ఉండిపోయింది. దాన్ని గీకేస్తే సామాను పాడవుతుందని అమ్మ ఒప్పుకోలేదు.

అలా నేను వరిచేల మధ్య నుంచి ఒంగోలు వైపు మిరపా పత్తీ పండే నల్లరేగడి ఊరికి కాపురానికొచ్చాను. ఎనభైల నడుమ సంగతి ఇది. మిరపకాయలు కోతకొచ్చాక ఆ ఊళ్ళో మగవాళ్ళు ఇళ్ళల్లో కనపడరు. కాయలు ఆరబోసిన కళ్ళం దగ్గరే తిండి, అక్కడే కాపలా, అక్కడే పడక. ఇళ్ళల్లో ఉండేది మేమూ, ముసలివాళ్ళూ. ఆ సమయం చూసుకునే దిగాడు ఒక స్వామి.

కాషాయం, మెడనిండా పూసలు, చంకలో పెద్ద గుడ్డసంచీ. వాకిట్లో నిలబడి మంచినీళ్ళడిగాడు. మా అత్తగారు కొత్త కోడలి సామాను తళతళలాడుతుంటే పాతవి ఎందుకనుకుని నా సారె గ్లాసులో తెచ్చిచ్చింది. ఆయన గ్లాసు పైకెత్తి, నోటికి తగలకుండా, గుక్కగుక్కకీ ఆగుతూ తాగాడు. పాపం, ఎంత దాహమో అనుకున్నాను.

తాగి కళ్ళు మూసుకున్నాడు. "తల్లీ, నీ ఇంటికి కొత్త లక్ష్మి వచ్చింది. తూర్పున వరి పండే నేల నుంచి వచ్చింది" అని నా పేరు చెప్పాడు. మా ఆయన పేరూ చెప్పాడు. "పోయిన మాఘంలో శుద్ధ దశమినాడు ముడిపడింది ఈ జంట" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకూ ఒళ్ళు జలదరించింది.

మా అత్తగారైతే ఉన్నపళంగా కింద కూలబడిపోయింది. అప్పుడు విసిరాడు అసలు వల. ఉగాది దాటేలోపు కొడుక్కి ప్రాణగండం ఉందట. ఇంట్లో పెద్దల నాటి బంగారం కుండలో పెట్టి, పసుపుగుడ్డ కట్టి శాంతి చేయాలట. ఉగాది దాకా కుండ విప్పకూడదట. మగవాళ్ళ చెవిన పడితే ఫలించదట. "శుక్రవారం వస్తాను, సిద్ధంగా ఉండు తల్లీ" అని వెళ్ళిపోయాడు.

మా అత్తగారికి పెద్దల నాటి బంగారమంటే ఒక్కటే. వాళ్ళమ్మ పోతూపోతూ తన మెళ్ళోంచి తీసి ఆవిడ మెళ్ళో వేసిన నానుతాడు. పురుగు పత్తిని తిన్న ఏడాది గాజులమ్మి పురుగుమందులు కొన్నారు గానీ, దాని జోలికి పోలేదు. అలాంటిది ఆ సాయంత్రమే మెళ్ళోంచి తీసి చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. తోముతూ కళ్ళు తుడుచుకుంటూ ఉంది. ఒక్కగానొక్క కొడుకు మరి.

మర్నాడు పొద్దున పెరట్లో అంట్లు తోముతున్నాను. చేతిలో బూడిదా కొబ్బరిపీచూ. నిన్నటి గ్లాసు చేతికొచ్చింది. రుద్దుతుంటే అక్షరాలు బొటనవేలికి గరుగ్గా తగిలాయి. రాత్రంతా నన్ను గుచ్చుతున్న ముల్లు అప్పుడు బయటికొచ్చింది. మాఘమేమిటి? మా పెళ్ళి వైశాఖంలో కదా అయింది. మాఘంలో పెళ్ళయింది ఈ గిన్నెలకి, మాకు కాదు.

గ్లాసు తిప్పి చదివాను. నా పేరు, మా ఆయన పేరు, పొన్నూరు, మాఘ శుద్ధ దశమి. స్వామి దీనికి మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటి గుట్టు లంకకు చేటని సామెత చెబుతూనే, ఆ గుట్టంతా గ్లాసుల మీద చెక్కించి, అందులో నీళ్ళు పోసి మరీ దారినపోయేవాడి చేతికిచ్చాం. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

తడి చేతులతోనే వెళ్ళి అత్తగారికి చెప్పాను. "ఆయన తప్పు చెప్పాడత్తయ్యా. మా పెళ్ళి మాఘంలో కాలేదుగా."

"మనం ముందు అనుకున్నది మాఘమేగా? అది కూడా తెలిసిందంటే చూడు ఆయన మహిమ. దేవుడి లెక్కలో మీ పెళ్ళి అప్పుడే అయిపోయింది" అంది.

"అది గ్లాసు మీద ఉందత్తయ్యా."

"నీ మొగుడి ప్రాణం గురించి నేను ఏడుస్తుంటే మధ్యలో గ్లాసుల గోల ఏందమ్మాయ్? నీకు నోరెక్కువని పెళ్ళిచూపుల్లోనే అన్నారు మావాళ్ళు. నేనే వినలేదు."

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. కళ్ళం దగ్గరికెళ్ళి మా ఆయనతో చెప్పొచ్చు. ఆయన వచ్చి నాలుగు కేకలేసి, ఆ స్వామిని తరిమేస్తాడు. ఆ తర్వాత ఉగాదిలోపు ఆయన ఒక్క తుమ్ము తుమ్మినా అది నా నెత్తినే పడుతుంది. మిరపకాయల ఊళ్ళో తుమ్మనివాడెవడు? మోసం అత్తగారి కంటికే కనపడాలి, అదొక్కటే దారి అనిపించింది.

ఎదురింటి పెద్దత్తయ్య దగ్గరికెళ్ళాను. వరసకి మా అత్తగారికి తోటికోడలు. మాట్లాడితే మూడు వీధులకి వినపడుతుంది, నోట్లో నువ్వుగింజ నానదు. అయినా నాకు దిక్కు ఆవిడే. అంతా విని, "ఓసి నీ తెలివి తగలెయ్యా, కాపురానికొచ్చి ఏడాది కాలేదు, ఎట్టా పట్టావే?" అంది. శుక్రవారం దాకా ఆ నోరు మూసుకుని ఉండటం ఆవిడ జీవితంలో చేసిన పెద్ద తపస్సు.

నా సామానులో వేరే గ్లాసొకటుంది. పొన్నూరులో మా పుట్టింటి పక్కనున్న బియ్యం మిల్లు ఆయన పోయినప్పుడు, పెద్దకర్మనాడు వచ్చినవాళ్ళకల్లా పంచారు. కీర్తిశేషులు ఫలానా ఆయన జ్ఞాపకార్థం, కుమారుడు ఫలానా అని ఉంటుంది దాని మీద. ఆ మనుషులెవరో ఈ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. దాన్ని తోమి పక్కన పెట్టాను.

శుక్రవారం స్వామి వచ్చాడు. సావిట్లో ముగ్గేసి పీటవేశాం. నానుతాడు కుండలోకి చేరింది. మా అత్తగారు పసుపుగుడ్డ చేత్తో పట్టుకుని కూర్చుంది. మా అరుగు మీద నులకమంచంలో పెద్దత్తయ్య వాళ్ళ మామగారు, తొంభయ్యో పడిలో పడ్డ ముసలాయన, ఎప్పటిలాగే చుట్ట కాలుస్తూ ఎండకి పడుకున్నాడు. ఆయన రోజూ అక్కడే ఉంటాడు గనక ఎవరూ ఆయన్ని లెక్కలోకి తీసుకోరు.

"పూజకి ముందు మా ఇంటి సంగతి కూడా కాస్త చూడు స్వామీ. మా ఇంటి నుంచే నీళ్ళు తెప్పించా" అని పెద్దత్తయ్య ఎదురుగా కూర్చుంది. నేను ఆ గ్లాసు నిండా నీళ్ళు పోసి, అక్షరాలు ఆయన వైపుండేట్టు పట్టుకుని అందించాను. ఆయన చదవకపోతే? ఊరికే తాగేసి కుండ అందుకుంటే?

ఆయన గ్లాసెత్తాడు. గుక్క వేశాడు, ఆగాడు. ఇంకో గుక్క వేశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తల్లీ, మీ మామగారు..." అని మిల్లు ఆయన పేరు చెప్పాడు. "నీ పెనిమిటి..." అని మిల్లు ఆయన కొడుకు పేరు చెప్పాడు. "మామగారు కాలం చేశారు. ఆ ఆత్మకి శాంతి లేదు. ఈ ఇళ్ళ చుట్టూనే తిరుగుతోంది."

అరుగు మీద మంచం కిర్రుమంది. ముసలాయన మోచేతి మీద లేచాడు.

"ఏమ్మాయ్, నేను పోయానంటన్నాడా?"

"అంటన్నాడు మావయ్యా" అంది పెద్దత్తయ్య గంభీరంగా.

"తిరగటం మాట నిజమే. ఇందాక నిప్పుపెట్టె కోసం తిరిగా. పోవటం మాత్రం నాకు గుర్తులేదు" అన్నాడు ముసలాయన.

స్వామి మొహంలో నెత్తురుచుక్క లేదు. మా అత్తగారు అప్పటికీ లొంగలేదు. "అక్కా, మీ పాలివాళ్ళలో ఎవరన్నా ఆ పేరుగలవాళ్ళు..." అని వెతకబోయింది. నేను ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని ఆవిడ చేతిలో పెట్టాను. నోరెత్తలేదు. నా జన్మలో నోరెత్తకుండా చేసిన పని అదొక్కటే.

మా అత్తగారు చదువుకున్నది రెండో తరగతి. గ్లాసు వెలుతురుకి తిప్పి, అక్షరం కింద అక్షరం వేలితో నొక్కుతూ పైకి చదివింది. కీర్తిశేషులు దగ్గర తడబడింది. మిల్లు ఆయన పేరు చదివింది, కొడుకు పేరు చదివింది, ఆగింది. తర్వాత లేచి వంటింట్లోకెళ్ళి నా సారె గ్లాసు పట్టుకొచ్చింది. అదీ చదివింది. మాఘ శుద్ధ దశమి దగ్గర ఆవిడ వేలు చాలాసేపు నిలబడిపోయింది.

రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, కుండలో చెయ్యిపెట్టి నానుతాడు తీసి మెళ్ళో వేసుకుంది. "నా కొడుకు చస్తాడని చెప్పటానికి నీకు నోరెట్టా వచ్చిందిరా?" అంది. అరవలేదు. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఆయన శపిస్తానని చెయ్యెత్తాడు. "నన్ను ఇందాకే చంపావుగా, ఇంకేం శపిస్తావులే, కూర్చో" అన్నాడు ముసలాయన. ఈలోపు పెద్దత్తయ్య గుడ్డసంచీ గుంజి బోర్లించింది. అచ్చం మా కుండలాంటి కుండే బయటపడింది, అదే పసుపుగుడ్డ, అదే ముడి. విప్పితే గులకరాళ్ళు. ఉగాదినాడు మేం కళ్ళకద్దుకుని విప్పబోయింది ఆ రాళ్ళనన్నమాట.

పెద్దత్తయ్య తపస్సు అప్పటితో ముగిసింది. ఆ కేకకి వీధి వీధంతా వచ్చింది. మగవాళ్ళు కళ్ళం నుంచి వచ్చేదాకా ఆడవాళ్ళు ఆయన్ని వదల్లేదు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ముందు గుట్టెడు మిరపకాయలు పోసి తొడిమలు తీయించారు. అలవాటులేని చేతులు, మధ్యలో కళ్ళు నలుపుకున్నాడు, ఇక చూడాలి ఆ ఏడుపు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడని పెద్దత్తయ్య వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి చెప్పింది. సాయంత్రం మగవాళ్ళు ఆయన్ని స్టేషన్లో అప్పగించి వచ్చారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో కడుపు నిండిపోయింది.

మర్నాటి నుంచి మా గూట్లో పేరులేని గ్లాసొకటి వెలిసింది. కొత్తవాళ్ళెవరు దాహమన్నా అందులోనే పోసేది అత్తగారు. "నీళ్ళు కాదనకూడదు, పేర్లు పోయకూడదు" అనేది. వీధిలో అందరూ తలా ఒకటి కొన్నారు. మా ఆడపడుచు పెళ్ళికి సామాను కొన్నప్పుడు చెక్కేవాడు పేరేంటి, ముహూర్తమేంటి అని అడిగితే, "అవన్నీ నీకెందుకు నాయనా, అడుగున మూడు చుక్కలు పెట్టు, మా గిన్నె మాకు తెలుస్తుంది" అంది. ఇప్పుడు ఫోన్లో ఎవరో బ్యాంకు నుంచంటూ పుట్టినరోజు అడిగితే నాకు ఆ మూడు చుక్కలే గుర్తొస్తాయి.

ఆ ఏడు ఉగాది వచ్చింది. మా ఆయన కళ్ళం నుంచి వచ్చి, తలంటుపోసుకుని, పచ్చడి తిని, చేదెక్కువైందని గొణిగాడు. ప్రాణగండం కాస్తా ఆ గొణుగుడుతో సరి. మా అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసి, నన్ను దగ్గరికి రమ్మంది. తన మెళ్ళోంచి నానుతాడు తీసి నా మెళ్ళో వేసింది.

"ఇదెందుకత్తయ్యా ఇప్పుడు?" అన్నాను.

"నా దగ్గరుంటే మళ్ళీ ఎవడన్నా వచ్చి అడిగితే ఇచ్చేస్తానేమో. నీ దగ్గరే ఉండనీ" అంది, కొక్కెం బిగిస్తూ. "నీకు నోరెక్కువ."