లడ్డులో ఎండుద్రాక్ష

తిరుపతిలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మను తలుచుకుంటే ముందుగా ఆమె వేళ్లే గుర్తొస్తాయి. కొండ మీది నుంచి ఎవరు లడ్డు తెచ్చిచ్చినా కళ్లకద్దుకుని, వరండాలో కూర్చుని, అందులోని ఎండుద్రాక్షలన్నీ ఒక్కొక్కటిగా ఏరేది. లడ్డు ఆమె కుక్క రాజాకి. ద్రాక్ష తింటే కుక్కల కిడ్నీలు పాడవుతాయని పశువుల డాక్టరు చెప్పాడట. అలాగని ప్రసాదాన్ని పారేయకూడదు కదా! ఏరిన ద్రాక్షలు గిన్నెలో వేసుకుని మేడ మీద నా గదికి వచ్చేది.

“దానికి పడదంట. నువ్వు తిను నాయనా.”

ద్రాక్షలే కాదు, ఉల్లిపాయ పకోడీలు, చాక్లెట్లు, కాఫీ, రాజాకి పడనివన్నీ నాకే వచ్చేవి. ఓసారి ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. “లడ్డు నాకిచ్చి, రాజాకి పెరుగన్నం పెట్టొచ్చు కదమ్మా?”

ఆమె నన్ను పాపాత్ముణ్ణి చూసినట్టు చూసింది. “అది ఎదురుగా కూసోని సూస్తా ఉంటే, సామి ప్రసాదం నీకు లేదు పో అని ఎట్ట సెప్పేది?”

గది ఖాళీ చేసిన రోజు ఆమె నా చేతిలో లడ్డు పెట్టింది. ద్రాక్షలతో సహా, ఎవరి వేలూ పడని నిండు లడ్డు! నాకు కళ్లు చెమర్చాయి. గేటు దగ్గర రాజా ఏడుపు మొహంతో నా చేతికేసే చూస్తోంది.

“మరి రాజాకమ్మా?” అన్నాను.

“షుగరొచ్చిందంట నాయనా. ఇంక లడ్డు కూడా పడదన్నాడు డాక్టరు. నువ్వు తిను.”