నాలుగో పేలుడు

అప్పుడు మెదక్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా బడి ఆవరణలో బావి తవ్వుతుంటే బండ పడింది. దాన్ని మందు పెట్టి పేల్చడానికి మా నాయన మల్లయ్యను పిలిచారు. మసి చేతులతో ఆయన బడిలో తిరుగుతుంటే నాకు నామోషీగా ఉండేది.

ఆ రోజు ఇంగ్లీషు సారు బోర్డు మీద ‘ఎక్స్‌ప్లోజన్’ అని రాశారు. అర్థం చెప్పబోతుంటే బయట ధన్‌ధన్‌మని మూడు పేలుళ్లు.

“గదే ఎక్స్‌ప్లోజన్! రాండ్రి, చూద్దాం” అన్నారు సారు.

నేను పరుగెత్తి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“వద్దు సార్! ఇయ్యాల నాలుగు పేలుస్తనన్నడు మా నాయన. మూడే పేలినయ్. లెక్క తప్పితే బాయి కాడికి ఎవ్వరూ పోవద్దు.”

క్లాసంతా నవ్వింది. “పక్కకు జరుగు!” అని సారు గద్దించారు. నేను జరగలేదు. అంతలోనే నాలుగోది పేలింది. రాళ్లు ఎగిరొచ్చి మా వరండాలో పడ్డాయి.

మర్నాడు సారు మా నాయనను క్లాసులోకి పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టి, “ఈ మాటకు అర్థం మీరే చెప్పుండ్రి” అన్నారు.

నాయన మొహమాటపడుతూ, “సప్పుడు అందరికీ ఇనబడ్తది సార్. రాని సప్పుడును యాదికుంచుకోవాలె” అన్నాడు.

ఆనాటి నుంచి ఎవరూ అడగకముందే నేనే చెప్పేదాన్ని, బండలు పేల్చే మల్లయ్య బిడ్డనని.