మాస్టరమ్మ సుద్దగుర్తు

మా అక్క చొక్కాలు కోసే కటింగ్ మాస్టరు. వీధిలో అందరికీ మాస్టరమ్మ. ఆమె పనిచేసిన దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. గుడ్డ ఎవరు కోస్తే వాళ్లు లోపలివైపు సుద్దతో తమ గుర్తు వెయ్యాలి. చొక్కా తిరిగొస్తే ఆ గుర్తువాళ్లే జవాబు చెప్పుకోవాలి. అక్క గుర్తు సున్నా, మధ్యలో చుక్క. ఆ గుర్తున్న చొక్కా తిరిగి రావడం నేనెరగను.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చాక పొద్దున్నే ఆమె వేళ్లు బిగుసుకుపోయేవి. నీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తేది. మాత్రలతో వాపు తగ్గింది గానీ, రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోయాయి. డాక్టరు ఆ మాత్రలు ఆపేశారు.

"జనంలో తిరగొద్దమ్మా. జ్వరం తగిలితే తట్టుకునే బలం లేదు మీకు."

"మందేసుకుంటే రక్తం మొరాయిస్తుంది, మానేస్తే వేళ్లు మొరాయిస్తాయి. నా మాట వినేదేదీ లేదా డాక్టరుగారూ?"

"నోరుందిగా అక్కా," అన్నాను.

"అదీ వినదురా."

వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. దుకాణం యజమాని ఇంటికొచ్చాడు. మంచివాడే.

"కొత్త మాస్టరు కోస్తాడమ్మా. నువ్వు కూర్చుని గుర్తేస్తే చాలు. జనం నీ గుర్తు చూసే వస్తారు."

"నేను కొయ్యని గుడ్డ మీద నా గుర్తేంటన్నా? చొక్కా చంకలో బిగుతుగా పట్టేస్తే తిట్లు నాకు."

"నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నేను చూసుకుంటా. దుకాణంలో నా బల్ల మాత్రం ఎవరికీ ఇవ్వకు. వారం ఆగు."

కత్తెర కింది పిడిని ఇంట్లో బల్ల అంచుకు నాచేత బిగింపించింది. పై పిడికి మెత్తటి గుడ్డతో ఉచ్చు కట్టి, అందులో ముంజెయ్యి దూర్చింది. వేళ్లతో పనిలేదు, చెయ్యెత్తితే కత్తెర తెరుచుకుంటుంది, బరువేస్తే తెగుతుంది. ముందు మా పాత దుప్పట్లు బలయ్యాయి. కత్తెర గీత మీద తిన్నగా నడిచాక దాన్ని దుకాణానికి మోయించింది. జనం రాని వెనకగదిలో, మూతికి మాస్కు కట్టుకుని, వేళ్లు కాస్త సాగే మధ్యాహ్నప్పూట నిలబడింది.

"ఇదేం కోతమ్మా?" అన్నాడు యజమాని.

"నిదానం కోత." సుద్దను పిడికిట్లో ఇరికించి సున్నా చుట్టింది. వంకరగానే వచ్చింది. "కోత చూడు, సున్నా కాదు."

బల్ల ఆమెకే ఉండిపోయింది. తర్వాత మందులు మారాయి. రక్తం లెక్క అడిగితే, "పెరగడం తరగడం దాని పని, కొయ్యడం నా పని," అనేది.

కొన్నేళ్లకు ఒక జ్వరం ఆమెను తీసుకుపోయింది. పని మానేసుంటే బతికేదన్నారు కొందరు. ఆ మాట నా గుమ్మంలో ఎత్తొద్దన్నాను.

నాకోసం ఆమె కోసి గుర్తేసిన చొక్కా గుడ్డ కుట్టకుండానే మిగిలింది. కుట్టించి ఉతికితే సుద్ద పోతుందని దాచాను. బీరువా తెరిచినప్పుడల్లా అక్క గొంతే: "కోసింది నీకా, బీరువాకా?"

కుట్టించాను. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. మొదటి ఉతుకుకే గుర్తు పోయింది. చొక్కా తిరిగివ్వాల్సిన పని మాత్రం పడలేదు.