మూడు ఒడుల టిక్కెట్టు

విజయనగరం నుంచి హైదరాబాదుకు ఒక వీణను చెక్కుచెదరకుండా తీసుకుపోవడానికి రైలుకెంత, బస్సుకెంత, విమానానికెంత, కారుకెంత అని ఎవరడిగినా ఈనాడు నేను కాగితం చూడకుండా చెప్పగలను. మూడున్నర దశాబ్దాలపాటు బడిలో తెలుగు చెప్పి, పద్యాలకు ప్రతిపదార్థాలు వ్రాయించడంతోనే పొద్దుపుచ్చినవాడికి ఈ విద్య పట్టుబడడానికి కారణం మా అక్క.

మా అక్కకు డెబ్బైరెండేళ్లు. తాతల కాలంనుంచి మా ఇంట గుడిలో పాట, ఇంట్లో పాఠం తప్ప వేరే వ్యాపకం లేదు. ఆ వారసత్వంలో వీణ ఆమె వంతుకు వచ్చింది, పుస్తకాలు నా వంతుకు వచ్చాయి. మొన్న మాఘమాసంలో హైదరాబాదులోని ఒక సంగీతసభవారు ఫోన్ చేసి, శనివారం సాయంత్రం గంటన్నరసేపు వాయించవలసిందిగా ఆమెను కోరారు. దారిఖర్చుల కింద అయిదువేలు ఇస్తామన్నారు. ఊరు దాటి వాయించమని ఆమెకు పిలుపు రావడం ముప్పయ్యేళ్ల తరవాత అదే మొదలు. అక్క చాలాసేపు ఆలోచించి ఒకే షరతు పెట్టింది.

“వీణ ఇక్కడ ఎలా ఉన్నాదో అక్కడా అలాగే దిగాల. అలాగైతేనే వస్తాను. నేకపోతే రాను.”

ఆ షరతు ఎవరిని ఉద్దేశించినదో నాకు తెలుసు. ముప్పయ్యేళ్ల క్రితం శృంగవరపుకోటలో ఒక ఉత్సవానికి ఆమె కచేరి ఏర్పాటైంది. వెంట వెళ్లినవాణ్ణి నేను. కండక్టరు వీణకు అరటిక్కెట్టు తీసుకోమన్నాడు. ఆ అరటిక్కెట్టు మిగిల్చిన తెలివి నాది. వీణను బస్సు టాపుమీదికి ఎక్కించి నా చేతులతోనే తాడు కట్టాను. దారిలో ఒక చెట్టుకొమ్మ రాసుకుని తాడు వదులైంది. ఊళ్లో దించి చూస్తే మెట్లు నిలిచే పొడుగు దండి నిలువునా చీలి ఉంది. ఆ సాయంత్రం అక్క వేదిక ముందు వరసలో కూర్చుని మరొకరి పాట విని తిరిగివచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరవాత మా బావ బొబ్బిలినుంచి ఒంటిమానుతో తొలిచిన పనసకర్ర వీణ కొత్తది తెచ్చి ఇచ్చాడు. అక్క దానితో పిల్లలకు పాఠాలు చెప్పింది, పండగలకు ఇంట్లో వాయించింది, గడప మాత్రం దాటించలేదు. నేను ఆ వీణను తాకడానికి చేయి చాపితే, తానే ముందుగా లేచి తీసి పక్కన పెట్టేది.

మా బావ గరివిడి కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. మాట మొరటు, మనసు మెత్తన. ఆయన తేల్చిన మొదటి తీర్పు విమానం. గంటలో దిగిపోవచ్చు, దర్జాగా ఉంటుంది అన్నాడు. నేను విచారించాను. మనిషికి నాలుగున్నర వేలు. వీణను సామాన్లలో వేస్తే వాళ్లు ఎలా విసిరినా అడిగే దిక్కు లేదు. పక్కన కూర్చోబెట్టుకోవాలంటే దానికీ ఒక సీటు కొనాలి. అటు విశాఖపట్నం విమానాశ్రయానికీ, ఇటు హైదరాబాదు ఊళ్లోకీ టాక్సీలు వేరు. అంతా కలిపితే సభవారిచ్చే సొమ్ము పోగా పెన్షనులో ఒక నెల ఎగిరిపోయేట్టుంది.

రెండవ తీర్పు కారు. అద్దెకు తీసుకుంటే రానుపోను కిలోమీటర్ల లెక్కా, టోలు రుసుములూ, డ్రైవరు భత్యమూ కలిపి ఇరవై వేలకు తగ్గేట్టు లేదు. పైగా వెనకసీటంతా వీణకు పోతే పదమూడు గంటలు ముందుసీటులో అక్క మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, బావా నేనూ ఇంట్లో ఉండాలి.

మూడవది పడకల బస్సు. మనిషికి పద్నాలుగువందలు. పడక ఇరుకు, వీణ బస్సు పొట్టలోకి పోవలసిందే. వీణమెట్లు నిలిచేది మైనంమీద. అడుగున ఇంజను వేడికి ఆ మైనం మెత్తబడితే మెట్లు పక్కకు జరుగుతాయి, అప్పుడు వీణ ఉన్నా స్వరం ఉండదు. బస్సన్న మాట నా నోట వచ్చినప్పుడు అక్క కాఫీగ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ వరుసను అక్కడే కొట్టేశాను.

మిగిలింది రైలు. కొత్తగా వచ్చిన వేగపు రైలులో కుర్చీలు బహు సొంపుగా ఉన్నా, కుర్చీకీ కుర్చీకీ నడుమ చేయి ఆనించే బల్ల అడ్డం. పడకల రైలులో వీణను పై బెర్తుమీద పెట్టడం అక్కకు సమ్మతం కాదు, కింద పెట్టడం మా ఇంటి ఆచారం కాదు. పాదాలు తగిలేచోట వీణను ఉంచరు. ఇక్కడ నాకు ఒక ఆలోచన తట్టింది. వీణ ఉండవలసిన చోటు ఒడి. అయితే ఒక ఒడి చాలదు.

మరునాడు ఒక నూలుదారం తీసుకుని, అక్క పాఠం చెబుతుండగా తాకకుండా పక్కనుంచే వీణ పొడవు కొలుచుకున్నాను. ఆ దారంతోనే స్టేషనుకు వెళ్లాను. విశాఖపట్నంనుంచి హైదరాబాదుకు పగటిపూట నడిచే రైలులో ఉండే కూర్చునే పెట్టెవంటిదే ఒకటి మా ప్లాట్‌ఫారంమీద ఆగి ఉంటే, ఎక్కి ముగ్గురు కూర్చునే బల్లమీద దారం పరిచాను. బల్ల రెండంగుళాలు మిగిలింది. ఎదుటి బల్లమీది పెద్దమనిషి ఏం పోయిందని అడిగాడు. పోయినదేమీ లేదనీ, దొరికిందనీ చెప్పి దిగాను.

ఛార్జీ మనిషికి రెండువందల చిల్లర. ముగ్గురికీ కలిపి కూడా బస్సులో ఒకరి టిక్కెట్టంత కాదు. అయితే మూడో ఒడి బావది కావాలి. తాను దర్జాగా పోదామంటే రెండో తరగతి బల్లమీద పన్నెండు గంటలు కూర్చోబెడతావా అని ఆయన నన్ను నానా మాటలూ అని, చివరకు ఎవరి వీణ అనుకున్నావు, నేను తెచ్చింది అని తానే ఒప్పుకున్నాడు. శుక్రవారానికి మూడు సీట్లు వరసగా దొరికాయి. కాగితంమీద నాలుగు ప్రయాణాల లెక్కా చక్కగా వ్రాసి, రైలు వరుస కింద గీత గీసి, అక్క ముందు పెట్టాను.

అక్క కళ్లజోడు సవరించుకుని చదివి, గోడమీది పంచాంగం వైపు చూసింది.

“శుక్రారం పడమరకేటిరా తమ్ముడా? వారశూల కాదా?”

శుక్ర, ఆదివారాల్లో పడమరకు ప్రయాణం కూడదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేను. రూపాయలూ అంగుళాలూ లెక్కపెట్టినవాడు వారం లెక్కపెట్టలేదు. గురువారానికి మూడు సీట్లు వరసగా లేవు. శనివారం బయలుదేరితే కచేరికి అందదు. అక్కకు ఇటువంటి పట్టింపులు కొన్నే ఉన్నాయి, ఉన్నవాటిని ఎవరూ కదిలించలేరు. బావ సంతోషం దాచుకోలేదు.

“ఒరే బావమరిదీ, నూలుదారం ఏసి రైలంతా కొలిసినావు, వారం కొలవడం మర్సిపోనావు. గురువారం ఇమానం ఉన్నాది, సూడమంటావేటి?”

ఆ పూట అన్నం సయించలేదు. విమానమంటే వీణ సామాన్లలోకి పోతుంది, అక్క రానంటుంది. ఆమె రాకపోతే ముప్పయ్యేళ్లనాటి ఆ చీలిక ఇక ఎప్పటికీ అతకదు. చేయి కడుక్కుంటుండగా మా తండ్రిగారి పద్ధతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. ప్రయాణపు రోజు మంచిది కానప్పుడు ఆయన ముందుగా మంచిరోజు చూసి, తన వస్తువు ఒకటి దారిలో మరొకరి ఇంట ఉంచేవారు. దానిని ప్రస్థానం పెట్టడం అంటారు. వస్తువు గడప దాటితే మనిషి బయలుదేరినట్టే. మిగిలినవారు బట్టలమూట పెడితే, మా ఇంట వాద్యాన్నే పెట్టేవారు. ఒక నియమం ఉంది. అలా వెళ్లిన వస్తువు ప్రయాణం ముగియకుండా వెనక్కి రాకూడదు.

ఈ మాట అక్కతో చెప్పాను. బుధవారం ఉదయం మంచి ఘడియ ఉంది. విశాఖపట్నంలో స్టేషనుకు దగ్గరగా ఆమె పాత శిష్యురాలి ఇల్లుంది. వీణ బుధవారమే అక్కడికి చేరితే, శుక్రవారం తెల్లవారుజామున మనం దారిలో అందుకోవడమే. అక్క ముఖం తేటపడింది, వెంటనే మళ్లీ ముడుచుకుంది. వీణను ఎవరు తీసుకువెళ్లాలి? అంత బరువు మోస్తూ రైలెక్కడం ఆమె వల్ల కాదు, బావకు నడుమునొప్పి. ఇద్దరూ నావైపు చూశారు. ఆ తరవాత అక్క ఒక్కతే చూసింది.

బుధవారం పొద్దున్న అక్క వీణమెడ కింది సొరబుర్ర విప్పి వేరే సంచిలో పెట్టి, వీణకు పాత శాలువ చుట్టి, పసుపు బొట్టు పెట్టి, తానే తెచ్చి నా రెండు చేతుల్లో ఉంచింది. ఉంచాక వెంటనే వదలలేదు.

“టాపు మీద ఎట్టకురా,” అంది.

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పాసింజరు రైలులో గంటన్నరపాటు ఆ వీణ నా ఒడిలోనే ఉంది. కొసనున్న సింహంలాంటి యాళిముఖం కిటికీ ఊచలకు తగలకుండా అరచేయి అడ్డం పెట్టుకున్నాను. శిష్యురాలి ఇంట పీటమీద చేర్చి, వట్టి చేతులతో వెనక్కి వచ్చినప్పుడు అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. చేరిందన్నాను. తల ఊపి లోపలికి వెళ్లింది.

శుక్రవారం శిష్యురాలి ఇంట వీణను అందుకుని విశాఖపట్నంలో రైలెక్కినప్పుడు సూర్యుడు ఇంకా రాలేదు. వీణ గుండ్రటి కుడం కిటికీ పక్కన అక్క ఒడిలో, దండి నడుమ బావ ఒడిలో, యాళి ఈ చివర నా ఒడిలో. రెండంగుళాలు మిగిలాయి. ముగ్గురిలో ఒకరు లేస్తే ఇద్దరు సర్దుకునేవాళ్లు. దర్జా కావాలన్న బావ రాజమండ్రి దాటేవరకు కాలు కదపలేదు. గోదావరి వంతెనమీద జనం కిటికీలవద్ద మూగుతుంటే వాళ్లను చేత్తో ఆపి, వీణ ఉన్నాది, సూసి నడవండని తానే గదమాయించాడు. టిక్కెట్లు చూడవచ్చినాయన ముగ్గురివీ చూసి, శాలువ చుట్టిన ఆకారంవైపు చూసి, దానికి టిక్కెట్టేదని సరదాగా అడిగాడు.

“మా ముగ్గురిదీ దానిదే బాబూ. మేవే ఉట్టినే వస్తన్నాం,” అన్నాడు బావ.

సాయంత్రం బస చేరగానే అక్క శాలువ విప్పింది. మెట్లమీద వేలు నడిపింది, ఒక్కటీ కదలలేదు. తీగలు మీటింది. ఒకే ఒక బిరడాను గింజంత తిప్పి, మళ్లీ మీటి, చాలునన్నట్టు కళ్లు మూసుకుంది. మరునాడు సభలో ఆమె వాయించిన గంటన్నరలో చివరి అరగంట ఎవరూ దగ్గలేదు. సంగీతం చాలినంత తెలియనివాణ్ణి కనుక అంతకంటె వర్ణించను. ముందువరసలో కూర్చుని ఉన్నది ఈసారి నేను, వేదికమీద ఉన్నది ఆమె.

సభవారు సంతోషించి, తిరుగు ప్రయాణానికి తామే విమానం టిక్కెట్లు కొనిస్తామన్నారు. నేను జవాబు చెప్పేలోపలే బావ వద్దన్నాడు. ఆదివారం తూర్పుకి పరవాలేదని తాను పంచాంగం చూశాననీ, మూడు సీట్లు వరసగా ఉన్న రైలు తనకు తెలుసుననీ, వాళ్లకు ఛార్జీలతో సహా వివరించడం మొదలుపెట్టాడు. నా లెక్కనంతా ఆయన తన లెక్కగా చెబుతుంటే వినడం నాకు బహు ఆనందంగా ఉంది.

అక్క అప్పటికి తలుపుదాకా వచ్చింది. చుట్టూ ఎవరెవరో మాట్లాడుతున్నారు. ఆమె నావైపు సరిగ్గా చూడనైనా చూడకుండా వీణను నా చేతుల్లో పెట్టింది.

“ఇది పట్టుకోరా, సెప్పులేసుకుంటాను.”